బీటా బ్లాకర్ గంటలో పనిచేస్తుందా, నెల పడుతుందా?

ప్రొప్రనలాల్ వేసుకున్న గంటకే గుండెదడ తగ్గిందంటారు ఒకరు. అటెనలాల్ మొదలుపెట్టి నాలుగు రోజులైనా బీపీ పెద్దగా దిగలేదంటారు ఇంకొకరు. హార్ట్ ఫెయిల్యూర్‌కు కార్వెడిలాల్ రాయించుకున్న వ్యక్తికైతే మొదటి రెండు వారాలూ ఉన్న నీరసం కాస్త పెరిగినట్టే ఉంటుంది. ముగ్గురూ వేసుకున్నవి బీటా బ్లాకర్లు అనే ఒకే జాతి మందులు. ముగ్గురి మాటా నిజమే.

గందరగోళమంతా ‘పనిచేయడం’ అన్న మాటతో వస్తోంది. మందు గుండెను చేరడం ఒక సంగతి, మనం ఎదురుచూస్తున్న ఫలితం కనబడడం ఇంకొక సంగతి. మొదటిదానికి చాలా మాత్రల విషయంలో గంటా రెండు గంటలు చాలు. రెండోది ఆ మందును ఏ జబ్బుకు వాడుతున్నామో దాన్ని బట్టి గంటల నుంచి నెలల దాకా సాగుతుంది.

ఈ మందు అడ్డుకునేది దేన్ని?

భయం, శ్రమ, నొప్పి, జ్వరం లాంటివి కలిగినప్పుడు శరీరం అడ్రినలిన్, నారడ్రినలిన్ అనే రసాయనాలను వదులుతుంది. అవి కణాల మీదుండే బీటా గ్రాహకాలకు అతుక్కుంటే గుండె వేగంగా, బలంగా కొట్టుకుంటుంది. ఈ గ్రాహకాల్లో బీటా-1 రకం ఎక్కువగా గుండెలోనూ, కిడ్నీలో రెనిన్ అనే పదార్థాన్ని వదిలే కణాల మీదా ఉంటుంది. బీటా-2 రకం ఊపిరి గొట్టాల్లో, కండరాల్లో, కొన్ని రక్తనాళాల్లో ఎక్కువ.

బీటా బ్లాకర్ చేసేదల్లా ఆ గ్రాహకాన్ని ముందుగా ఆక్రమించుకోవడం. ఒకరు కూర్చున్న కుర్చీలో ఇంకొకరు కూర్చోలేనట్టే, మందు ఉన్నంతసేపు అడ్రినలిన్‌కు అక్కడ చోటు దొరకదు. అటెనలాల్, మెటోప్రలాల్, బిసోప్రలాల్, నెబివలాల్ ప్రధానంగా బీటా-1ను పట్టుకుంటాయి. ప్రొప్రనలాల్, టిమలాల్ రెండింటినీ అడ్డుకుంటాయి. కార్వెడిలాల్, లాబెటలాల్ వాటితోపాటు ఆల్ఫా గ్రాహకాలనూ అడ్డుకుని రక్తనాళాలను కొంత వదులు చేస్తాయి.

మందు సొంతంగా గుండెను నెమ్మదింపజేయదు, వేగం పెంచే ఆదేశాన్ని ఆపుతుందంతే. అందువల్ల ఆదేశం గట్టిగా ఉన్నప్పుడే దాని పని బాగా కనిపిస్తుంది. కదలకుండా కూర్చున్నప్పుడు పల్స్ 72 నుంచి 64కు దిగిన మనిషికి, మెట్లెక్కేటప్పుడు 135కు చేరాల్సింది 105 దగ్గరే ఆగవచ్చు. మందుల కంపెనీల పరీక్షల్లో కూడా బీటా బ్లాకర్ ప్రభావాన్ని వ్యాయామం చేయించి పల్స్ చూసి కొలుస్తారు. కుర్చీలో కూర్చుని మణికట్టు పట్టుకుని ‘ఏమీ తేడా లేదే’ అనుకునేవారు దాన్ని తప్పుడు సమయంలో కొలుస్తున్నారన్నమాట.

మింగిన మాత్ర గుండెను చేరే దాకా

మాత్ర కరగాలి, పేగు గోడ దాటాలి, అక్కణ్నుంచి నేరుగా లివర్‌లోంచి పోవాలి. ఈ లివర్ మజిలీలో ఒక్కో మందుకు ఒక్కో గతి. ప్రొప్రనలాల్ పేగు నుంచి దాదాపు పూర్తిగా లోపలికి వెళ్తుంది కానీ లివర్ చాలావరకు విరగ్గొట్టేయడంతో నాలుగో వంతు మాత్రమే రక్తంలో మిగులుతుంది. నోటి ద్వారా 40 మిల్లీగ్రాములు ఇచ్చే మందును నరానికి ఇంజెక్షన్‌గా ఇచ్చేటప్పుడు 1 నుంచి 3 మిల్లీగ్రాములతో సరిపెట్టడానికి కారణమిదే. మాంసకృత్తులు ఎక్కువున్న భోజనంతో వేసుకుంటే లివర్‌ను తప్పించుకునే భాగం సుమారు సగం మేర పెరుగుతుంది. అంటే ఒకే మనిషి, ఒకే మాత్ర, ఖాళీ కడుపున ఒకలా, భోజనం తర్వాత ఇంకోలా.

అటెనలాల్ దారి వేరు. నీటిలో కరిగే మందు కాబట్టి పేగు నుంచి సగమే లోపలికి వెళ్తుంది, లివర్ దాన్ని పెద్దగా ముట్టుకోదు, కిడ్నీలే బయటికి పంపాలి. మింగిన గంటలోపు ప్రభావం కనబడుతుంది, 2 నుంచి 4 గంటలకు గరిష్ఠానికి చేరుతుంది. మామూలు మెటోప్రలాల్ టార్ట్రేట్ కూడా గంటలోపే మొదలై, రక్తంలో ఒకటి రెండు గంటల్లో గరిష్ఠానికి వెళ్తుంది. ప్రొప్రనలాల్‌కు ఆ గరిష్ఠం 1 నుంచి 4 గంటల మధ్య, బిసోప్రలాల్‌కు 2 నుంచి 4 గంటల మధ్య. కార్వెడిలాల్‌ను భోజనంతో ఇమ్మనడం దాన్ని కావాలని ఆలస్యం చేయడానికే. ఒక్కసారిగా రక్తంలో చేరితే లేచి నిలబడినప్పుడు కళ్లు తిరుగుతాయి, నెమ్మదిగా చేరితే ఆ ఇబ్బంది తగ్గుతుంది.

నెమ్మదిగా మందు వదిలే మాత్రలతో లెక్క మారుతుంది. ప్రొప్రనలాల్ లాంగ్ యాక్టింగ్ క్యాప్సూల్ గరిష్ఠానికి చేరడానికి 6 గంటలు తీసుకుంటుంది. మెటోప్రలాల్ సక్సినేట్ మాత్ర రోజంతా కొద్దికొద్దిగా వదులుతూ ఉంటుంది కాబట్టి ఎత్తుపల్లాలు తక్కువ. తరచూ తప్పు జరిగేది ఇక్కడే. టార్ట్రేట్, సక్సినేట్ రెండింటి మీదా మెటోప్రలాల్ అనే ఉంటుంది, 50 మిల్లీగ్రాములు అనే ఉంటుంది. రోజుకు రెండుసార్లు వేసుకోవాల్సిన టార్ట్రేట్‌ను సక్సినేట్ అనుకుని ఒక్కసారే వేసుకుంటే, పొద్దున బాగానే ఉండి రాత్రికి పల్స్ మళ్లీ పెరుగుతుంది. సక్సినేట్‌ను నూరి మింగితే ఇంకో ప్రమాదం: రోజంతటికీ ఉద్దేశించిన మందు కొద్ది గంటల్లోనే దిగుతుంది. గీత మీద రెండు ముక్కలు చేయడం వేరు, పొడి చేయడం వేరు.

నరం ద్వారా ఇస్తే పేగూ లివర్ గొడవే లేదు. అటెనలాల్ 5 నిమిషాల్లో గరిష్ఠ ప్రభావం చూపుతుంది. వేగానికి హద్దు చెప్పాలంటే ఎస్మలాల్. రక్తంలో దాని సగం ఆయుష్షు, అంటే ఉన్న మందు సగానికి తగ్గే కాలం, సుమారు 9 నిమిషాలు. ఎర్ర రక్తకణాల్లోని ఎంజైములే దాన్ని విరగ్గొడతాయి. ఆపేసిన అరగంటలోపు ప్రభావం చాలావరకు పోతుంది కాబట్టి, వికటించినా వెంటనే వెనక్కి రావడానికి వీలుండాల్సిన ఆపరేషన్ థియేటర్లలో, ఐసీయూల్లో దాన్ని ఎంచుకుంటారు.

రక్తంలో మందు తగ్గినా ప్రభావం ఎందుకు నిలుస్తుంది?

అటెనలాల్ సగం ఆయుష్షు 6 నుంచి 7 గంటలు. అంటే ప్రతి 6, 7 గంటలకు రక్తంలో ఉన్నది సగమవుతుంది. మరి రోజుకొక్క మాత్ర ఎలా సరిపోతుంది? చిన్న లెక్క వేద్దాం. అంకెలు అర్థం కావడం కోసమే.

సగం గ్రాహకాలను ఆక్రమించడానికి అవసరమైన మందును 1 అనుకుందాం. మాత్ర గరిష్ఠంలో ఉన్నప్పుడు రక్తంలో దానికి 8 రెట్లు ఉందనుకుందాం. అప్పుడు ఆక్రమణ 9లో 8 వంతులు, అంటే 89 శాతం. ఒక సగం ఆయుష్షు గడిచాక మందు 4 రెట్లకు దిగుతుంది, ఆక్రమణ 5లో 4 వంతులు, 80 శాతం. ఇంకో సగం ఆయుష్షుకు మందు 2 రెట్లు, ఆక్రమణ 67 శాతం. మూడోసారికి మందు 1, ఆక్రమణ 50 శాతం. మందు ఎనిమిదో వంతుకు పడిపోయింది, పని మాత్రం 89 నుంచి 50కే తగ్గింది. అటెనలాల్‌కైతే ఇది దాదాపు 20 గంటల కథ.

ఇదే లెక్క రెండో విషయాన్నీ చెబుతుంది. డోసు రెట్టింపు చేస్తే 8 కాస్తా 16 అవుతుంది, ఆక్రమణ 89 నుంచి 94కు వెళ్తుంది. గరిష్ఠ ప్రభావం పెద్దగా పెరగదు, అది నిలిచే సమయం మాత్రం ఒక సగం ఆయుష్షు మేర పెరుగుతుంది. ‘ఒకటి వేసుకుంటే తగ్గలేదు, ఇంకోటి వేస్తే వెంటనే తగ్గుతుంది’ అన్న ఊహ బీటా బ్లాకర్ల దగ్గర బోల్తా కొట్టేది అందుకే. రెండో మాత్రతో ప్రయోజనం కొంచెమే పెరిగి, పల్స్ మరీ పడిపోయే గంటలు ఎక్కువవుతాయి.

అయితే రోజు చివర్లో ఆక్రమణ సగానికి దిగిందన్నది కూడా నిజమే కదా. రోజుకొక్కసారి అటెనలాల్ 24 గంటలూ బీపీని సమానంగా పట్టి ఉంచుతుందా అన్న వాదన వైద్యుల్లో ఉంది. మందు తయారీదారుల సమాచారం ప్రకారం ప్రభావం కనీసం 24 గంటలుంటుంది. తెల్లవారుజామున, అంటే తర్వాతి మాత్రకు ముందు, పట్టు సడలుతుందనేవారు అదే మందును రెండు పూటలుగా పంచడాన్నో, బిసోప్రలాల్ లాంటి ఎక్కువసేపు నిలిచేదాన్నో ఇష్టపడతారు. రెండు మాటలూ పై లెక్కలో ఇముడుతాయి. 24వ గంటకు ప్రభావం ఉంటుంది, రెండో గంటకున్నంత ఉండదు.

బీపీ అంకె ఎందుకు వెనకబడుతుంది?

పల్స్ గంటలో తగ్గితే బీపీ కూడా గంటలో తగ్గాలి కదా అనిపిస్తుంది. సగటు బీపీ అంటే గుండె నిమిషానికి తోసే రక్తాన్ని రక్తనాళాల నిరోధంతో గుణించగా వచ్చేది. ఒక ఊహా ఉదాహరణ: గుండె నిమిషానికి 5.5 లీటర్లు తోస్తోంది, నిరోధం 20 యూనిట్లు. సగటు బీపీ 110.

మొదటి రోజు బీటా బ్లాకర్ పడింది. గుండె తోసేది 20 శాతం తగ్గి 4.4 లీటర్లయింది. నిరోధం మారకపోతే బీపీ 88కి దిగాలి. కానీ మెడలోని ధమనుల్లో ఉండే పీడన గ్రాహకాలు ఊరుకోవు. పీడనం తగ్గుతోందని పసిగట్టి నాళాలు బిగుసుకునేలా చేస్తాయి. నిరోధం 24కు పెరిగిందనుకుంటే 4.4ను 24తో గుణిస్తే 105.6. గుండె మీద మందు నిండుగా పనిచేస్తోంది, బీపీ మిషన్ మాత్రం నాలుగైదు పాయింట్లే చూపిస్తోంది. రోజులు, వారాలు గడిచేకొద్దీ ఆ బిగువు సడలుతుంది. నిరోధం 21కి వచ్చిన రోజున బీపీ 92.4.

ఆ బిగువు ఎందుకు సడలుతుంది? ఇక్కడ ఏకాభిప్రాయం లేదు. కిడ్నీలో రెనిన్ తగ్గడం వల్ల నాళాలను బిగించే యాంజియోటెన్సిన్ తగ్గుతుందన్నది బలమైన వాదన. కానీ రెనిన్ మొదట్లోనే తగ్గిపోతుంది, బీపీ తర్వాత తగ్గుతుంది. రెనిన్ తక్కువగా ఉన్నవారిలో కూడా కొందరికి బీపీ దిగుతుంది. నాడుల చివర్ల నుంచి నారడ్రినలిన్ విడుదల తగ్గుతుందని కొందరు, పీడన గ్రాహకాలు కొత్త స్థాయికి అలవాటు పడతాయని కొందరు, మెదడు మీద ప్రభావమని కొందరు అన్నారు. మెదడు వాదనకు ఒక చిక్కుంది: మెదడులోకి అంతగా చేరని అటెనలాల్ కూడా బీపీ తగ్గిస్తుంది. బహుశా ఏ ఒక్కటీ పూర్తి జవాబు కాదు.

కారణం మీద తగవున్నా కాలం మీద పెద్దగా లేదు. ఒక డోసు అటెనలాల్ పూర్తి ప్రభావం బీపీ మీద కనబడడానికి ఒకటి రెండు వారాలు, కార్వెడిలాల్‌కు 7 నుంచి 14 రోజులు. నెబివలాల్‌కు సాధారణంగా ఒకటి రెండు వారాలు, కొందరిలో 4 వారాలు. ఈ నిరీక్షణ రక్తంలో మందు పోగయ్యేందుకు పట్టే కాలం కాదు. ఏ మందైనా సుమారు 5 సగం ఆయుష్షుల్లో స్థిరపడుతుంది. 10, 12 గంటల సగం ఆయుష్షున్న బిసోప్రలాల్‌కు కూడా అది రెండు రెండున్నర రోజులే. మిగతా రోజులన్నీ శరీరం సర్దుకునేవి. మూడో రోజే డోసు పెంచితే, పాత డోసు ఇంకా తన ఫలితం చూపకముందే కొత్తది పైన పడుతుంది. రెండు వారాల తర్వాత బీపీ మరీ దిగిపోయి కళ్లు తిరగడానికి ఇదొక మామూలు కారణం.

దడ, వణుకు, మైగ్రేన్, కంటి చుక్కలు

గంటలో పనిచేసినట్టు అనిపించేది శరీర లక్షణాల దగ్గర. వేదికెక్కే ముందు చేతులు వణకడం, గుండె కొట్టుకోవడం అడ్రినలిన్ నేరుగా చేసే పనులు. ఇలాంటి సందర్భాలకు వైద్యులు రాసే ప్రొప్రనలాల్ 10 నుంచి 40 మిల్లీగ్రాములు, సుమారు గంట ముందు. వణుకును ఆపేది కండరాల్లోని బీటా-2ను అడ్డుకోవడం. ‘మాటలు మర్చిపోతానేమో’ అన్న ఆలోచనను ఈ మందు నేరుగా తాకదు. దడ లేకపోవడంతో ఆ ఆలోచన తనంతట తాను చల్లబడవచ్చు, పడకపోవచ్చు. నిత్యం ఉండే ఆందోళన జబ్బులో ఇది అంతగా అక్కరకు రాకపోవడానికి కారణం అక్కడుంది.

థైరాయిడ్ ఎక్కువైనవారిలో రెండు వేగాలు పక్కపక్కనే కనిపిస్తాయి. కార్బిమజోల్ కొత్త హార్మోన్ తయారీని ఆపుతుంది, కానీ గ్రంథిలో అప్పటికే నిల్వ ఉన్నది ఖర్చయ్యే దాకా వారాలు పడుతుంది. ఆలోగా దడ, వణుకులను గంటల్లో అదుపులోకి తెచ్చేది ప్రొప్రనలాల్. జబ్బు తగ్గలేదు, దాని చప్పుడు తగ్గిందంతే.

మైగ్రేన్‌లో ఇదే ప్రొప్రనలాల్ పూర్తిగా నెమ్మది. వచ్చిన తలనొప్పి మీద అది పనిచేయదు, రాబోయేవాటి సంఖ్య తగ్గించడానికే వాడతారు. తగినంత డోసుకు చేరాక 4 నుంచి 6 వారాలు చూసిగానీ ఫలించలేదని తేల్చరు. నెలకు నాలుగుసార్లు తలనొప్పి వచ్చే మనిషికి వారం రోజులు రాలేదంటే అది మందు మహిమో, మామూలు విరామమో చెప్పలేం.

గ్లాకోమాకు వాడే టిమలాల్ చుక్కలు అరగంటలో కంటి లోపలి ఒత్తిడిని తగ్గించడం మొదలుపెట్టి ఒకటి రెండు గంటల్లో గరిష్ఠానికి చేరతాయి. అయినా కొందరిలో ఆ ఒత్తిడి కుదురుకోవడానికి కొన్ని వారాలు పట్టడంతో సుమారు 4 వారాలకు మళ్లీ కొలుస్తారు. కంటి చుక్కే కదా అని తీసిపారేయడానికి లేదు. కన్నీటి నాళం గుండా ముక్కులోకి జారిన మందు లివర్‌ను తప్పించుకుని నేరుగా రక్తంలో కలుస్తుంది, ఆస్తమా ఉన్నవారికి ఆయాసం తెప్పించగలదు.

హార్ట్ ఫెయిల్యూర్: ముందు వెనక్కి, తర్వాత ముందుకి

బలహీనపడిన గుండె అడ్రినలిన్ తోడుతోనే నెట్టుకొస్తుంటుంది. ఆ తోడును లాగేయడం పిచ్చి పనిలా కనిపించడం సహజమే. చాలాకాలం హార్ట్ ఫెయిల్యూర్‌లో బీటా బ్లాకర్ నిషిద్ధమనే భావించారు. 1975లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఫిన్ వాగ్‌స్టీన్ బృందం కొద్దిమంది రోగుల్లో మెరుగుదల చూశామని రాసినప్పుడు నమ్మినవారు తక్కువ. 1999లో వెలువడిన మెరిట్-హెచ్‌ఎఫ్ పరీక్షలో 3,991 మంది పాల్గొన్నారు. మెటోప్రలాల్ సక్సినేట్ వాడినవారిలో మరణాలు 34 శాతం తగ్గాయి. అదే ఏడాది బిసోప్రలాల్‌తో జరిగిన సిబిస్-2 కూడా దాదాపు అదే చెప్పింది.

మందు అదే, గ్రాహకం అదే. తేడా అంతా కాలంలో ఉంది. మొదటి రోజుల్లో గుండె తోసే బలం కొంచెం తగ్గుతుంది. కిడ్నీలు నీటిని పట్టి ఉంచుతాయి, బరువు పెరగవచ్చు, కాళ్ల వాపు, ఆయాసం ఎక్కువ కావచ్చు. నెలలు గడిచాక, నిరంతర అడ్రినలిన్ దాడి నుంచి తెరిపిన పడిన గుండె కండరం తన ఆకారాన్ని, జీవకణాల పనితీరును బాగుచేసుకుంటుంది. గుండె పంపింగ్ శాతం స్పష్టంగా మెరుగుపడేది సుమారు మూడు నెలల తర్వాత.

డోసులు అంత చిన్నగా మొదలవడానికి కారణం ఇదే. కార్వెడిలాల్ 3.125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, బిసోప్రలాల్ 1.25 మిల్లీగ్రాములు ఒకసారి, మెటోప్రలాల్ సక్సినేట్ 12.5 లేదా 25. తట్టుకుంటే సుమారు రెండు వారాలకోసారి రెట్టింపు. కార్వెడిలాల్ 3.125 నుంచి 6.25, 12.5, 25: మూడు మెట్లు, రెండేసి వారాలు, ఏ ఆటంకం లేకపోతే 6 వారాలు. మధ్యలో వాపో, పల్స్ మరీ తగ్గడమో వస్తే ఒక మెట్టు మీద ఆగుతారు, నీరు తీసే మాత్ర పెంచుతారు. రెండో వారంలో నీరసంగా ఉందని సొంతంగా మానేసే రోగి సరిగ్గా నష్టం మాత్రమే కనిపించే కాలంలో మానేస్తున్నాడు.

గుండెపోటులో వేగం మంచిదేనా?

గుండెపోటు వచ్చిన గంటల్లోనే నరానికి బీటా బ్లాకర్ ఇస్తే దెబ్బ తగ్గుతుందన్న ఆలోచనకు 1986లో ఐసిస్-1 బలమిచ్చింది. సుమారు 16,000 మందిలో అటెనలాల్‌ను నరానికిచ్చి తర్వాత మాత్రలతో కొనసాగించగా, మొదటి వారంలో గుండె, రక్తనాళ సంబంధ మరణాలు 15 శాతం తగ్గాయి. 2005లో చైనాలో 45,852 మందితో ముగిసిన కమిట్ పరీక్ష ఆ ఉత్సాహం మీద నీళ్లు చల్లింది. మెటోప్రలాల్‌ను నరానికిచ్చినప్పుడు వెయ్యి మందిలో ఐదుగురికి మళ్లీ గుండెపోటు, ఐదుగురికి ప్రాణాంతకమైన గుండె లయ దోషం తప్పాయి. కానీ 11 మందికి అదనంగా గుండె చతికిలబడి షాక్ వచ్చింది, అదీ ఎక్కువగా మొదటి రోజు ఆ చుట్టుపక్కలే. మరణాల మొత్తంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రెండు పరీక్షలూ తప్పు కావు. కమిట్‌లో అప్పటికే బీపీ తక్కువున్నవారు, ఊపిరితిత్తుల్లో నీరు చేరినవారు కూడా ఉన్నారు. నష్టం ఎక్కువ పడింది వాళ్ల మీదే. అందుకే ఇప్పుడు అందరికీ నరంలో ఎక్కించే పద్ధతి లేదు, రక్త ప్రసరణ నిలకడగా ఉన్నవారికి ఎక్కువగా మాత్రతోనే మొదలుపెడతారు.

అందరిలో ఒకే వేగం ఎందుకు ఉండదు?

మెటోప్రలాల్‌ను లివర్‌లో విరగ్గొట్టేది సీవైపీ2డీ6 అనే ఎంజైము. పుట్టుకతోనే అది మందకొడిగా ఉన్నవారిలో మందు ఎక్కువగా, ఎక్కువసేపు నిలుస్తుంది. డిప్రెషన్‌కు వాడే ఫ్లూక్సెటిన్, పరోక్సెటిన్ ఇదే ఎంజైమును అణచివేస్తాయి. నెలల తరబడి మెటోప్రలాల్ ఇబ్బంది లేకుండా వాడుతున్న మనిషికి కొత్తగా పరోక్సెటిన్ చేరిస్తే కొద్ది రోజుల్లో పల్స్ 50కి దిగడానికి కారణం డోసు మారడం కాదు, మందు బయటికి పోయే ద్వారం మూసుకుపోవడం. కిడ్నీలు దెబ్బతిన్నవారిలో అటెనలాల్ విషయంలో ఇదే జరుగుతుంది. వెరపమిల్, డిల్టియాజెమ్ అనే వేరే జాతి గుండె మందుల కథ వేరు: అవి కూడా గుండె విద్యుత్ మార్గాన్ని నెమ్మదింపజేస్తాయి, బీటా బ్లాకర్‌తో కలిస్తే పల్స్ ప్రమాదకరంగా పడిపోవచ్చు.

ఆపినప్పుడు

వేసుకున్నప్పటి లాగే ఆపినప్పుడు కూడా మందు ఒక వేగంతో, శరీరం ఇంకో వేగంతో కదులుతాయి. నెలల తరబడి అడ్డుకట్ట ఉంటే కణాలు గ్రాహకాల సంఖ్యను పెంచుకుంటాయి. మాత్రలు ఒక్కసారిగా మానేస్తే మందు ఒకటి రెండు రోజుల్లో పోతుంది, పెరిగిన గ్రాహకాలు మాత్రం అప్పుడే తగ్గవు. మామూలు అడ్రినలిన్‌కే గుండె అతిగా స్పందిస్తుంది. దడ, బీపీ ఎగబాకడం, గుండె నాళాల జబ్బున్నవారిలో ఛాతీ నొప్పి, ఒక్కోసారి గుండెపోటు. ఆపాల్సి వస్తే ఒకటి రెండు వారాల మీద డోసు మెట్లుమెట్లుగా తగ్గించడం ఆ గ్రాహకాలు వెనక్కి తగ్గేందుకు ఇచ్చే గడువు.

ఆపరేషన్ల దగ్గర ఈ గడువు లెక్క రెండు వైపులా వర్తిస్తుంది. ముందునుంచీ బీటా బ్లాకర్ వాడుతున్నవారికి ఆపరేషన్ సమయంలోనూ దాన్ని కొనసాగిస్తారు. వాడనివారికి అదే రోజు కొత్తగా మొదలుపెడితే ఏమవుతుందో 2008లో పాయిస్ పరీక్ష చూపింది: 8,351 మందిలో సగం మందికి ఆపరేషన్‌కు 2 నుంచి 4 గంటల ముందు మెటోప్రలాల్ సక్సినేట్ 100 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు. వాళ్లలో గుండెపోట్లు తగ్గాయి, కానీ బీపీ పడిపోవడం, పక్షవాతం, మొత్తం మరణాలు పెరిగాయి.